ఎదురుగా కూర్చున్న మాస్టారు

శనివారం పొద్దున్నే జందీరా పెద్ద కుండలో నల్లబీన్స్ పొయ్యిమీద పెట్టి, గుడ్డలో కాఫీ వడకడుతోంది. భర్త వాల్దెసీర్ బల్ల దగ్గర కూర్చుని చేతిలోని ఫోనుని కోపంగా చూస్తున్నాడు. బెంతో రిబేరో పేటలో వాళ్ళ ఇంటి గ్యారేజీలో ముప్పై ఏళ్ళుగా జియు-జిత్సు కుస్తీ నేర్పుతున్న మనిషి. వీధి వీధంతా అతన్ని మాస్టారనే పిలుస్తుంది. నిరుడు కూతురు తయానె పోరు పడలేక నలభై పాఠాలు వీడియో తీయించుకుని నెట్‌లో పెట్టించాడు.

"తయా, ఇవన్నీ పీకేసెయ్. ఒక్కోటి పదిసార్లు కూడా చూళ్ళేదు ఎవరూ. పరువు పోతోంది."

"తిరగేసే పట్టు పాఠం నూట పన్నెండుసార్లు చూశారు నాన్నా!"

"ఎవడో పిచ్చోడయ్యుంటాడు. తీసెయ్యమన్నానా!"

జందీరా కాఫీ వడకట్టడం ఆపేసింది. అవి పోతే తనకింకేం మిగులుతుంది?

"తియ్యొద్దు," అంది.

"నీకెందుకే? నీకేం తెలుసు దాని గురించి?"

ఆ మాట చురుక్కుమంది. పెళ్ళయిన కొత్తలో "నాకూ నేర్పవా" అని ముచ్చటపడి అడిగితే, "మరి కిమోనోలెవరు ఉతుకుతారు?" అని పగలబడి నవ్వాడు మహానుభావుడు. ఆమె మళ్ళీ అడగలేదు. అప్పట్నుంచీ శిష్యులు కుస్తీకి వేసుకునే ఆ కిమోనోలన్నీ ఉతుకుతూనే ఉంది.

జందీరా ఏప్రన్ విప్పి కుర్చీమీద పడేసింది.

"గ్యారేజీలోకి రా మాస్టారూ. తెలుసో తెలీదో చూద్దువుగాని."

"బీన్స్ మాడిపోతాయే!"

"తయా చూసుకుంటుంది. నడు."

జందీరా పరుపుచాప మీద వెల్లకిలా పడుకుని, మీదికి రమ్మంది. వాల్దెసీర్ నవ్వుకుంటూ ఆమె ముందు మోకాళ్ళమీద కూర్చుని వంగాడు. ఆమె ఎడంచేత్తో కాలరు, కుడిచేత్తో చొక్కా చెయ్యి ఒడిసిపట్టి, నడుము పక్కకి జరిపి, రెండు కాళ్ళూ కత్తెరలా ఆడించింది. మరుక్షణం తొంభై కిలోల మాస్టారు వెల్లకిలా పడున్నాడు. పొట్టమీద జందీరా కూర్చునుంది. గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చిన తయానె నోరెళ్ళబెట్టింది.

"ఎవడు నేర్పాడే నీకు? అంతా తిరగబడింది! కాలరు పట్టాల్సింది కుడిచేత్తో, ఎడంచేత్తో కాదు!" అన్నాడు మాస్టారు కిందనుంచే.

"నువ్వే నేర్పావు. ఫోనులో నాకెదురుగా కూర్చుంటావుగా. నీ చెయ్యి ఏ పక్కకి పోతే నా చెయ్యీ ఆ పక్కకే పోయింది. నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా బీన్స్ బస్తాని కావలించుకుని దొర్లాను. ఆ నూట పన్నెండుసార్లూ నేనే. నీ పిచ్చోడు నేనే! నువ్వు నాకెదురుగా కూర్చుని అంత ఓపిగ్గా మాట్లాడింది అందులోనే."

ఊళ్ళోవాళ్ళందరికీ నేర్పి, తన మనిషినే వదిలేశానా అనుకుంటే వాల్దెసీర్ కళ్ళు నిండాయి. అరచేత్తో చాపమీద రెండుసార్లు తట్టాడు. ఓటమి ఒప్పుకున్నవాడు అలా తట్టాలని అందరికీ చెప్పేవాడే, ఇంట్లో తట్టడం మాత్రం అదే మొదలు.

"తప్పయిపోయింది జందా."

"నాన్నా, వీడియోలు పీకెయ్యనా మరి?" అంది తయానె కొంటెగా.

"ముట్టుకో, చెప్తా నీ పని! పో, బీన్స్ చూడు."

అతను లేచి తీగమీద ఆరుతున్న కిమోనో తెచ్చి ఆమె భుజాలమీద వేశాడు. కొత్త శిష్యులకి కట్టే తెల్లబెల్టు స్వయంగా కట్టాడు. తర్వాత పక్కనే కూర్చున్నాడు.

"ఇలా పక్కన కూర్చుంటే నీకు కుడి కుడిలాగే కనపడుతుంది."

జందీరా కళ్ళు తుడుచుకుని నవ్వింది.

"వద్దు. ఎదురుగానే కూర్చో."