తాళం వేసి ఉంది

మోటారు షెడ్డులో మనిషి అలికిడి వినపడగానే మార్త ఇంకేమీ ఆలోచించలేదు. తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, తాళం కప్ప నొక్కేసింది. ఆ ఏడు మైలవరం చుట్టుపక్కల రాగితీగ దొంగలు తిరుగుతున్నారు మరి.

"ఏవండీ! తలుపు తీయండీ!" లోపల్నుంచి మగగొంతు.

"దొంగోడివై ఉండి అండీ అంటావేంటి?"

"దొంగని కాదండీ బాబూ, మీటరు రీడర్ని. కరెంటాఫీసు నుంచి వచ్చాను."

"రీడరు నాకు తెలుసు. బట్టతలాయన."

"ఆయన రిటైరయ్యారు. నాకూ బట్టతల వచ్చేదాకా తలుపు తియ్యరా ఏంటి?"

మార్తకు నవ్వాగలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "రీడరువైతే చదువు మరి, నాకు వినపడేట్టు. మీటర్లో ఎంతుంది?"

లోపలి మనిషి ఎక్కం అప్పజెప్పే బడిపిల్లాడిలా అంకెలన్నీ చదివాడు. రోజూ మోటారు వేసే మనిషి గనుక ఆ అంకెలు మార్తకూ తెలుసు. తాళం తీసింది.

జుట్టు నిండా సాలెగూడు, చొక్కా మీద గ్రీజు మరక. అయినా కుర్రాడు నవ్వుతూనే బయటికొచ్చాడు. "నా పేరు సొలొమోనండీ. మాది బెజవాడ వన్‌టౌను."

"సొలొమోనంటే బైబిల్లో జ్ఞాని కదా. పరాయి షెడ్డులో దూరే ముందు ఒక కేక వెయ్యాలని తెలీదా?"

"ఆ సొలొమోన్ని ఎవరూ షెడ్డులో పెట్టి తాళం వేసుండరండీ. వేసుంటే తెలిసేది."

సైకిలు ఎక్కి డొంక మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు. ముళ్ళకంపలో పడబోయి తమాయించుకున్నాడు. మార్త అది చూడనట్టే చూసింది.

రీడింగు రెండు నెలలకోసారి. ఆ రెండు నెలల్లో మార్త ఎన్నడూ లేనిది షెడ్డు లోపల ఊడ్చింది, మీటరు గాజు మీద దుమ్ము తుడిచింది. ఆ ఊళ్ళో మీటరంటే ఇష్టపడే మనిషి ఆమె ఒక్కతే. కృష్ణ నీళ్ళు కాలవల వెంట దిగువ పొలాలకు పోతాయి గాని ఈ మెరక చేలకు ఎక్కవు. బావిలో ఊరినదే నీరు. మోటారు ఆడినంతసేపూ మీటరులో చక్రం తిరుగుతుంది, దాని వంక చూస్తూ మార్త తండ్రి ఏసుపాదం నిట్టూరుస్తాడు.

పక్క చేను శౌరయ్యది. ఆయన రోమన్ కేథలిక్కు, వీళ్ళు లూథరన్లు. గుళ్ళు వేరైనా ఏసుపాదానికి బావ, మార్తకు మావయ్య. ఆయనకు బావి లేదు. రెండేళ్ళ కిందట మామిడి అంట్లు నాటితే ఏసుపాదం మోటారే వంతుల వారీగా వాటిని తడుపుతోంది. "కాపుకొస్తే తొలి బుట్ట నీదే బావా" అనేవాడు శౌరయ్య. "మీ ఫాదరుకివ్వకుండానే?" అని ఏసుపాదం ఎగతాళి చేసేవాడు.

రెండోసారి సొలొమోను వచ్చేసరికి షెడ్డుకు తాళం ఉంది. మార్త గట్టున కూర్చుని పచ్చిశనగ కాయలు వలుచుకుంటోంది.

"తాళం తీయరా?"

"చెవి నాన్న దగ్గరుంది. మైలవరం సంతకెళ్ళాడు."

"మరి మీ బొడ్లో వేలాడేదేంటి?"

"అది బీరువాది."

ఆ ఇంట్లో బీరువా లేదు. ఆ సంగతి షెడ్డు పక్కనే ఉన్న ఆ గోడల్లేని పాకను చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. సొలొమోను గట్టు మీద కొంచెం ఎడంగా కూర్చున్నాడు. "తాళం వేసి ఉంటే తాళం వేసి ఉందని రాసుకుని, వారం పోయాక మళ్ళీ రమ్మంటారు మా ఆఫీసులో."

"పాపం! ఎండన పడి మళ్ళీ రావాలా?"

"రావాలి మరి. డ్యూటీ కదండీ." ఆమె ఒళ్ళోంచి శనగకాయలు గుప్పెడు తీసుకున్నాడు.

ఆట అలా మొదలైంది. రీడింగు రాసుకుంటే ఇంకో రెండు నెలల దాకా ఆ ఊళ్ళో అతనికి పని లేదు. తాళమని రాస్తే వారానికే మళ్ళీ రావచ్చు. మళ్ళీ వచ్చినప్పుడు కూడా తాళమే. ఏసుపాదం సంతకెళ్ళే రోజు చూసుకుని తాళం వేసేది మార్త. చూసి తాళమని రాసేది సొలొమోను. వాన పడితే ఇద్దరూ షెడ్డు చూరు కింద నిలబడేవారు. వెనకాల తాళం, ముందు వాన. "క్రిస్మసు కాగానే మా అమ్మని పంపిస్తా" అన్నాడొకసారి. క్రిస్మసు అయింది. "ఈస్టరుకి" అన్నాడు. మార్త నమ్మింది.

ఈస్టరు కంటే ముందు జీపు వచ్చింది.

అప్పటికి ఎండలు ముదిరాయి. జీపులోంచి ఇంజినీరు దిగాడు, లైనుమన్లు దిగారు, ఆఖర్న సొలొమోను దిగాడు.

"ఎప్పుడు చూసినా నీ షెడ్డుకు తాళమేనంటగా?" ఇంజినీరు అరిచాడు. "లోపల చక్రం ఆపేసి నీళ్ళు తోడుకుంటున్నావా?"

"నా షెడ్డుకి పగలు తాళమేంటయ్యా?" ఏసుపాదం చేతులు జోడించాడు. "నేను వెయ్యనే వెయ్యను. కావాలంటే అడగండి ఎవర్నైనా."

మార్త సొలొమోను వైపు చూసింది. అతను జీపు టైరు చూస్తున్నాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అనుకుంది. తనే చెబుదామంటే ఊళ్ళో మగవాళ్ళంతా చుట్టూ మూగి ఉన్నారు. ఈలోగా మీటరు ఊడదీశారు. పరీక్ష చేయడానికి బెజవాడ పంపుతారట. స్తంభం మీద తీగ కత్తిరించారు.

జీపు పోయాక ఏసుపాదం చాలాసేపు బావిలోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తల తిప్పి శౌరయ్య చేను వైపు చూశాడు. ముందురోజే నీళ్ళ వంతు దగ్గర ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"నువ్వే కదంట్రా కరెంటాఫీసులో చాడీ చెప్పింది?"

"మరియమ్మతల్లి మీద ఒట్టు బావా! నీ మోటారు ఆగితే ఎండేది నా మొక్కలు కాదా?"

"నీ ఒట్లు మీ గుళ్ళో పెట్టుకో. నా బావి గట్టెక్కావంటే కాళ్ళు విరగ్గొడతా."

చేదతో తోడుకోవడానికి కూడా ఒప్పుకోలేదు. శౌరయ్య పెళ్ళాం అమలమ్మ ఊరి బోరింగు నుంచి బిందెలు మోసింది. మొదళ్ళలో పోసిన నీళ్ళు పోసినట్టే ఇంకిపోయేవి. మార్త గట్టు ఇవతల నిలబడి చూసేది. ముందు చిగుళ్ళు వాలాయి. తర్వాత ఆకు చివర్లు మాడాయి. తర్వాత అమలమ్మ రావడం మానేసింది.

మీటరులో తప్పేమీ లేదని తేలేసరికి నెల దాటింది. దాన్ని మళ్ళీ బిగించిన లైనుమన్ల వెంట సొలొమోను కూడా వచ్చాడు. అర్జీ రాసిపెట్టింది, ఆఫీసులో కాళ్ళావేళ్ళా పడి పని జరిపించింది అతనేనని తెలిసి ఏసుపాదం కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"దేవుడు పంపినట్టు వచ్చావు బాబూ. మా మార్తని నీ చేతుల్లో పెట్టాలని ఉంది. మీ అమ్మగారితో మాట్లాడమంటావా?" అని, జవాబు కోసం ఆగకుండా మజ్జిగ తేవడానికి పాకలోకి వెళ్ళాడు.

ఎన్ని నెలల నుంచి ఎదురుచూసిన మాట! లైనుమన్లు అప్పటికే వెళ్ళిపోయారు, మోటారు కాలవ పక్కన ఇద్దరే మిగిలారు.

"విన్నావా మార్తా?" సొలొమోను మొహం వెలిగిపోతోంది. "నేను అడక్కుండానే ఇస్తున్నారు."

"ముందు నాన్నకి నిజం చెప్పండి. శౌరయ్య మావయ్య తప్పేమీ లేదని చెప్పండి."

"పిచ్చా నీకు? తెలిస్తే నా ఉద్యోగం పోద్ది. పెళ్ళి కానీ, మెల్లగా చెబుదాం."

"మావయ్య మొక్కలు కూడా పెళ్ళయ్యాక మెల్లగా చిగురేస్తాయా?"

"ఎవరివో మొక్కల కోసం మన బతుకు పాడుచేసుకుంటామా?"

మార్త అతని మొహం పరకాయించి చూసింది. అదే నవ్వు, అవే కళ్ళు. ఇన్నాళ్ళూ వాటిని మాత్రమే చూసింది.

ఏసుపాదం మజ్జిగ చెంబుతో వచ్చాడు.

"నాన్నా, పగలు షెడ్డుకి తాళం వేసింది నేను. ఈయన మళ్ళీ మళ్ళీ రావాలని వేశా. ఈయనకీ తెలుసు. తెలిసే రాశారు. మావయ్య ఎవరికీ ఏమీ చెప్పలేదు."

చెంబు ఏసుపాదం చేతిలోనే ఉంది. కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. "నిజమేనా బాబూ?"

సొలొమోను గొంతు సవరించుకున్నాడు. "తాళం వేసింది ఆవిడేనండీ. వచ్చినప్పుడు ఏది చూస్తే అది రాశాను. ఎందుకు వేశారో నాకెలా తెలుస్తుంది?"

మార్తకు ఏడుపు రాలేదు. ఇంత చిన్న మనిషి కోసమా అంత పెద్ద చేను ఎండింది అనిపించింది.

"మజ్జిగ తాగి వెళ్ళండి," అంది. "ఎండన పడి వచ్చారు."

అతను తాగలేదు. ఈసారి వెనక్కి చూడకుండానే వెళ్ళాడు.

తండ్రి తిడతాడని, కొడతాడని ఎదురుచూసింది. ఏసుపాదం మాత్రం "గట్టెక్కితే కాళ్ళు విరగ్గొడతానన్నది నేనేగా," అని తనలో తను అనుకుని, చెంబు నేల మీద పెట్టి, వెళ్ళి మోటారు వేశాడు. పార తీసుకుని శౌరయ్య చేను వైపున్న మడవ తెరిచాడు. మార్త ఇంకో పార తీసుకుంది. ఎండుపుల్లల మొదళ్ళలోకి నీళ్ళు బుడబుడమంటూ దిగుతుంటే ఇద్దరూ పాదులు సరిచేస్తూ పోయారు.

నీళ్ళ చప్పుడికి శౌరయ్య వచ్చాడు. మార్త పార దించి, జరిగిందంతా ఆయనకు చెప్పింది. ఎక్కడా దాచలేదు. ఏసుపాదం తల ఎత్తకుండా పాదు తవ్వుతూనే ఉన్నాడు.

శౌరయ్య వంగి ఒక పుల్లను విరిచాడు. చిటుక్కుమని విరిగింది. పచ్చి లేదు.

"ఏ కుర్రాడమ్మా? ఆ సైకిలబ్బాయా?"

"ఆయనే మావయ్యా."

"నాకెప్పుడు ఎదురుపడ్డా దణ్ణం పెట్టేవాడే," అన్నాడు శౌరయ్య. పుల్లని నీళ్ళలో పడేసి ఏసుపాదం వైపు తిరిగాడు. "ఇంక ఆపు బావా. కరెంటు దండగ."

ఏసుపాదం ఆపలేదు. మార్త పార అందుకుని తర్వాతి పాదు దగ్గరికి నడిచింది.