నీలం ఎక్కని చేమంతి

లంచ్ బెల్ మోగగానే పిల్లలందరూ బాక్సుల కోసం సంచుల్లో చేతులు పెట్టారు. తూనీగ మాత్రం కిటికీ దగ్గరికి పరుగెత్తింది.

కిటికీ గట్టు మీద గాజు గ్లాసులు వరసగా ఉన్నాయి. ఒక్కో గ్లాసులో నీలం రంగు నీళ్లు, అందులో ఒక తెల్ల చేమంతి. పొద్దున సైన్సు టీచర్ బెంచీకి ఒకటి చొప్పున ఇచ్చింది. వేళ్లు తాగిన నీళ్లు ఆకుల దాకా ఎలా వెళ్తాయో ఈ పూలే చూపిస్తాయంది. కాడలోంచి నీళ్లు ఎక్కితే రంగూ ఎక్కుతుంది. నీలమైన పూలన్నీ రేపు హెడ్మాస్టర్ గది ముందు బల్ల మీద పెడతారు.

తూనీగకి అటెండెన్స్ రిజిస్టర్‌లో వేరే పేరుంది కానీ, అది ఎవరికీ గుర్తుండదు. ఒక్కచోట నిలవదు కాబట్టి తూనీగ అయింది. దాని పక్కన కూర్చునే పిల్లకి అందరూ పెట్టిన పేరు బామ్మ. పెన్సిల్ చెక్కినా ఆ పొట్టును కాగితంలో పొట్లం కట్టి మరీ పారేసే రకం. ఇద్దరికీ కలిపి ఒకటే పువ్వు. కాడ కోసింది బామ్మ, గ్లాసులో పెట్టింది తూనీగ.

"ఎక్కిందేమో చూస్తా" అంటూ తూనీగ పువ్వును పైకి లాగింది. కాడ కొసను కళ్ల దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. పక్క బెంచీ వాళ్ల పువ్వుతో పోల్చి చూసి, మళ్లీ గ్లాసులో పడేసింది. పొద్దుటి నుంచీ ఇదే వరస. ఇంటర్వెల్లో తీసింది. లెక్కల టీచర్ బోర్డు వైపు తిరిగినప్పుడల్లా తీసింది.

"ఊరికే కెలక్కే" అంది బామ్మ, బాక్సు మూత నెమ్మదిగా తీస్తూ.

"కెలకడం లేదు, చూస్తున్నా."

మధ్యాహ్నం సైన్సు పీరియడ్‌కి మిగతా పూల రేకుల అంచుల్లో సన్నటి నీలం గీతలు కనిపించాయి. వీళ్ల పువ్వు మాత్రం తెల్లగానే ఉంది. పైగా తల వాల్చేసింది. ఆకులు కూడా వేలాడిపోయాయి.

"మీ పువ్వుకి నిద్రొచ్చినట్టుంది" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. క్లాసంతా నవ్వింది.

తూనీగకి ఒళ్లు మండింది. "నేనేం చేశాను? కాడ కోసింది బామ్మ. సరిగ్గా కోసి ఉండదు" అనేసింది.

బామ్మ తల దించుకుంది. కళ్లద్దాలు తీసి గౌను కొసతో తుడిచింది. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

"నిజమేనేమో. కత్తెర మొద్దుగా ఉంది. కాడ నలిగిందేమో" అంది. "రేపు బల్ల మీద మనది ఒక్కటే ఉండదు."

టీచర్ వచ్చి ఆ పువ్వును చూసింది. కోప్పడలేదు. అలమరలోంచి ఒక కొత్త స్ట్రా తీసి, మంచినీళ్ల గ్లాసులో వేసి, వెనక బెంచీ అబ్బాయిని పిలిచింది.

"తాగు. నేను చెప్పేదాకా ఆపకు."

వాడు పీలుస్తుంటే, టీచర్ ఉన్నట్టుండి గ్లాసును కిందికి దించింది. స్ట్రా కొస నీళ్లలోంచి బయటికొచ్చి గుర్రుమంది.

"ఇప్పుడేం వచ్చింది?"

"గాలి, టీచర్."

"కాడలో కూడా ఇలాంటి గొట్టాలుంటాయి. వెంట్రుక కంటే సన్నవి. ఆకుల్లోంచి నీళ్లు కొంచెం కొంచెం ఆవిరై పోతుంటాయి. అలా పోయేటప్పుడు వెనకున్న నీటిని లాగుతాయి. ఆ నీళ్లు ఇంకా కిందున్న నీటిని లాగుతాయి. వేళ్ల నుంచి ఆకు దాకా నీళ్లు ఒకటే దారంలా ఉంటాయి."

"మోటారు లేకుండానే ఎక్కుతాయా టీచర్?" అన్నాడు వాడు.

"లేకుండానే. కానీ గొట్టంలో గాలి దూరితే ఆ దారం తెగుతుంది. కోసిన కాడను నీళ్లలోంచి బయటికి తీస్తే గాలి దూరుతుంది. దీనికీ అదే అయినట్టుంది." టీచర్ కాడ కొసను చూసింది. "కోత మాత్రం చక్కగా ఉంది."

ఎవరు తీశారని టీచర్ అడగలేదు. తూనీగ నోరు మూసుకుంటే తప్పంతా గాలి మీదికి పోతుంది. కానీ పక్కన బామ్మ ఇంకా తల దించుకునే ఉంది. అది చూస్తుంటే తూనీగకి ఏడుపొచ్చినంత పనైంది.

లేచి నిలబడింది. "గాలి నా వల్లే దూరింది టీచర్. పొద్దుటి నుంచీ తీసి తీసి చూశాను. బామ్మ వద్దంది కూడా." తర్వాత బామ్మ వైపు తిరిగింది. "ఉత్తపుణ్యానికి నీ మీద వేసేశానే. తప్పు నాదే."

బామ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. "టీచర్, దీన్ని బాగుచేయలేమా?"

"చూద్దాం. కాడను నీళ్లలో ముంచి, ఆ నీళ్లలోనే కొస కోసేయండి. గాలి దూరిన ముక్క పోతే, కొత్త కోతకి నీళ్లే తగులుతాయి."

బకెట్ తెచ్చారు. తూనీగ కత్తెర బామ్మకి ఇచ్చి, పువ్వు కాడను, గ్లాసును నీళ్లలో ముంచి పట్టుకుంది.

"నువ్వే కొయ్యి. నీకైతేనే సరిగ్గా వస్తుంది."

కొస తెగింది. కాడ బయటికి రాకుండా నీళ్లలోనే దాన్ని గ్లాసులోకి జరిపి, గ్లాసు పైకెత్తి, రంగు కలిపారు.

మర్నాడు బెల్లుకి చాలా ముందే తూనీగ స్కూలుకొచ్చింది. క్లాసు తలుపు తీసే ఉంది. తూనీగ లోపలికి వెళ్లలేదు. వరండాలో గోడ వైపు తిరిగి నిలబడింది. కాళ్లు మాత్రం ఒకచోట ఉండనంటున్నాయి.

బామ్మ రోజూలాగే నిదానంగా నడుచుకుంటూ వచ్చింది. "ఎలా ఉంది?"

"చూడలేదు."

"నువ్వా?"

"నువ్వొచ్చాక చూద్దామని."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. చేమంతి తల ఎత్తుకుని ఉంది. రేకుల అంచున నీలం ఎక్కింది. మిగతా పూలంత ముదురు రంగు కాదు కానీ, ఎక్కింది.

"కాడ కూడా నీలమైందేమో" అంది బామ్మ.

తూనీగ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గ్లాసు ముందు వంగి చూసింది.