మనం అన్నమాట

"ఒక్క పురుగు నేదమ్మా, అన్నీ తీపే" అన్నాడు జామకాయల బండి అతను. అనేసి, అలవాటు కొద్దీ తన కాలరు వైపు ఓరగా చూసుకున్నాడు. కాలరు మీది గుండీ వెలగలేదు. సుభాషిణి కూడా చూసింది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

"ఒకటో రెండో ఉంటే ఉంటాయి లెండి" అని సర్దుకున్నాడు. ఈసారి గుండీ లేత పసుపు రంగులో చక్కగా వెలిగింది. సుభాషిణి అరకిలో తూయించుకుని, సాలూరు వీధిలో డిపో వైపు నడిచింది.

దానికి ప్రభుత్వం పెట్టిన పేరు హృదయసూచి. జనం మాత్రం మనసుగుండీ అంటారు. నోటి మాటా మనసులోని మాటా ఒకటైతే వెలుగుతుంది, లేకపోతే ఊరుకుంటుంది. అంతకు మించి దానికి ఏమీ తెలియదు. ఆ కాస్తకే లోకం తీరు మారిపోయింది. ఎన్నికల సభలు పొట్టివైపోయాయి. పెళ్లిచూపుల్లో ఉప్మాను మెచ్చుకునేవాళ్లు కరువయ్యారు. కోర్టులో అయినా, ఊరి జనం ముందు చేసే ప్రకటన అయినా, గుండీ వెలగని మాట చెల్లదని చట్టం కూడా వచ్చింది.

సుభాషిణి చెలమ సంస్థలో ఆశయబోధకురాలు. వానాకాలంలో తప్ప ఏరుల్లో నీరు కనిపించని ఆ రోజుల్లో, గాలిలోని తేమను పట్టి తాగునీరు చేసే బండ్లను ఊరూరా తిప్పే సంస్థ అది. ఆ బండ్లను తేమబండ్లు అంటారు. సంస్థకు ఒక ఆశయం ఉంది. ఆ ఆశయాన్ని సిబ్బంది గుండెకు హత్తుకునేలా చెయ్యడం సుభాషిణి పని. సిబ్బంది వరసగా నిలబడి ఆశయవాక్యం చదవాలి, గుండీలు వెలగాలి. రాష్ట్రంలో డిపోలన్నీ ఎలాగో గట్టెక్కాయి. సాలూరు డిపో మాత్రం మొండికేసింది. వచ్చే ఆశయదినానికి ఇక్కడ గుండీలు వెలగకపోతే డిపో మూసేసి, మనుషులను తలో చోటికీ పంపేస్తామని ప్రాంతాధికారి చక్రధర్ తేల్చి చెప్పాడు. అదే జరిగితే కొండ మీది ఊళ్లకు బండి నడిపేవాళ్లే ఉండరు.

డిపో హాల్లో అందరి చేతా చదివించబోయే ముందు సుభాషిణి తన గుండీ తీసి పర్సులో వేసుకుంది. ఒకే మాటను రోజూ చెప్పేవాళ్ల గుండీలు మందగిస్తాయని బోధకులకు సంస్థ ఇచ్చిన మినహాయింపు అది. మినహాయింపు వచ్చిన రోజున ఆమెకు ఎంత హాయిగా అనిపించిందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

"మేము ప్రతి గుమ్మానికీ నీరు చేరుస్తాము. మేము ఒకే కుటుంబం" అని సిబ్బంది గొంతు కలిపి చదివారు. ఒక్క గుండీ మిణుకుమనలేదు.

వాళ్లేమీ పనిదొంగలు కారు. డిపో పెద్దడ్రైవరు బంగారునాయుడు మంచుకు దారి కనబడని రోజుల్లో కూడా కొండ మీది వెదురువలసకు బండి ఆపినవాడు కాడు. బండిలో తేమ పట్టే జల్లెడలు బాగుచేసే పైడమ్మ బండిని చంటిబిడ్డలా చూసుకుంటుంది. మరి గుండీలకు ఏమొచ్చింది? సుభాషిణి మనసు చివుక్కుమంది. వేదిక ఎక్కి, తన దగ్గరున్న విద్యంతా చూపించింది.

"మేము ఒకే కుటుంబం! మేము కలిసి కష్టపడతాం, కలిసి నవ్వుతాం, ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తాం!"

అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. భోజనాల గంట మోగగానే లేచి, వెనక వరండాలోకి వెళ్లిపోయారు. సుభాషిణి ఒక్కతే హాల్లో మిగిలిపోయింది. వరండాలోంచి ఎండుచేపల వేపుడు వాసన, నవ్వులు వస్తున్నాయి. ఎవరో ఒకరు పిలుస్తారని చూసింది. ఎవరూ రాలేదు. ఇన్ని డిపోలు తిరిగింది కానీ ఇంత పరాయిగా ఎక్కడా కూర్చోలేదు. ఆకలి ఒక పక్క, ఏడుపు ఒక పక్క. చివరికి పొద్దున కొన్న జామకాయ ఒకటి తీసి కొరికింది. అందులో పురుగుంది.

చెయ్యి కడుక్కోవడానికి వచ్చిన బంగారునాయుడు ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటమ్మా, తమరికింకా బోజనం రానేదా?"

"ఎక్కణ్ణించి వస్తుంది నాయుడు గారూ?"

"అదేటి! మేము ఒకే కుటుంబం, మేము ఒకే పంక్తిలో తింటామని తమరే సెప్పినారు గదా. ఆ కుటుంబపోలు ఎవులో కారియరు అట్టుకొస్తారు గావాలని మాం ఎల్లిపోనాం."

ఆయన గుండీ వెలుగుతోంది. వేళాకోళం కాదు, నిజంగానే అంటున్నాడు. సుభాషిణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. అంతసేపూ ఆమె వేదిక మీద నిలబడి, మీరెవరూ లేని కుటుంబం ఒకటి మాకుందని, అందులో మేం కమ్మగా భోంచేస్తామని వాళ్ల ముఖాన చెప్పింది. పాపం, వాళ్లు విని చప్పట్లు కూడా కొట్టారు.

ఆశయవాక్యం రాసినది సముద్రాల అవతలి ప్రధాన కార్యాలయం. ఆ భాషలో మేము అన్నా మనం అన్నా ఒకే మాట. తెలుగులోకి మార్చిన భాషాయంత్రం ముందు చేతికందిన మాట వేసేసింది. ఆ తరవాత ఇన్నేళ్లుగా సుభాషిణితో సహా అందరూ దాన్ని వల్లించారే తప్ప, ఎదుటి మనిషితో చెప్పే మాటలా ఎవరూ పలికి చూడలేదు.

"ఆకులోకి రామ్మా, సల్లారిపోతాది" అని పైడమ్మ కేకేసింది. సుభాషిణి వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని, మారు వడ్డించుకుని మరీ తింది. చేతులు కడుక్కున్నాక, వరండాలోనే, ఎవరినీ వరసలో నిలబెట్టకుండా అడిగింది.

"ఈ మాట చెప్పి చూడండి: మనం ప్రతి గుమ్మానికీ నీళ్లు చేరుస్తాం."

"అది తెలిసిందే గదేటి" అంటూ పైడమ్మ ఆ మాట పలికింది. గుండీ వెలిగింది. పక్కనున్నవాళ్లూ పలికారు. పట్టపగలు వరండా అంతా పసుపు వెలుగు కమ్ముకుంది. ఒకే కుటుంబం అన్న రెండో మాటకు మాత్రం సగం గుండీలే వెలిగాయి; బంగారునాయుడికీ పైడమ్మకూ అద్దె గదుల విషయంలో ఏదో పాత తగాదా ఉందట. సుభాషిణి ఆ మాటను కొట్టేసింది.

సంస్థ పొంగిపోయింది. డిపో నిలిచింది. కొత్త వాక్యాన్ని రాష్ట్రమంతటా పంపారు. అన్ని డిపోల్లోనూ గుండీలు దీపావళి చేసుకున్నాయి. ఆశయబోధనలో ఇంతటి విజయం ఇంతకుముందు ఎన్నడూ లేదని చక్రధర్ సుభాషిణికి శాలువా కప్పాడు.

తరవాత వేసవిలో ఆయన స్వయంగా సాలూరు వచ్చాడు. ముఖం అంత బాగాలేదు.

"వెదురువలసకు బండి ఆపేస్తున్నాం. కొండెక్కే బండి కింద ఊళ్లలో తిరిగితే ఇంకా ఎక్కువ మందికి నీళ్లందుతాయని పైవాళ్ల లెక్క. చట్టం తెలుసుగా. సంస్థ మనిషి ఒకరు ఆ ఊరికి వెళ్లి, గుండీ వెలుగుతుండగా, ఇది న్యాయమే అని చెప్పాలి. నాయుడు గారూ, మీరు చెబుతారా?"

బంగారునాయుడు నోరు తెరిచాడు. "బండి ఆపడం... న్యాయమే" అన్నాడు. గుండీ చీకటిగా ఉంది. పైడమ్మ చెప్పి చూసింది. తరవాత ఒక్కొక్కరూ చెప్పి చూశారు. ఎవరిదీ వెలగలేదు. చిట్టచివర చక్రధర్ తన కోటు సర్దుకుని తానే ప్రయత్నించి, సగంలో నీళ్లు నమిలాడు. ఆయన గుండీ కూడా వెలగలేదు.

"ఇంతకుముందు ఎవరో ఒకరు చెప్పేసేవారు కదా! ఇప్పుడేమొచ్చింది వీళ్లకి?"

"అప్పట్లో ఆశయం వాళ్లది కాదు సార్. చదివేవారు, ఇంటికెళ్లేవారు" అంది సుభాషిణి. "మనసుకు అంటించమని మీరే కదా నన్ను పంపారు. అంటుకుంది."

"అయితే మీరే చెప్పండి సుభాషిణి గారూ. మాటల్లో మిమ్మల్ని మించినవాళ్లు లేరు. చెప్పకపోతే డిపో సంగతి మళ్లీ మొదటికొస్తుంది." ఆయన బెదిరించినట్టు అనలేదు. బతిమాలినట్టే అన్నాడు.

చెబితే ఒక ఊరికి నీళ్లుండవు. చెప్పకపోతే పంక్తిలో చోటిచ్చి అన్నం పెట్టిన ఈ మనుషులు చెదిరిపోతారు. మర్నాడు తేమబండిలో అందరూ కొండెక్కారు.

బండి రావడం చూసి వెదురువలస జనం బిందెలతో గుమిగూడారు. సుభాషిణి పర్సులోంచి గుండీ తీసి పెట్టుకుంది. "వెదురువలసకు తేమబండి ఆపడం..." అని మొదలుపెట్టింది. తరవాతి మాట అనబోయి దగ్గింది.

ముందు వరసలో ఉన్న సుక్రమ్మ అనే ముసలామె, బండి కుళాయి దగ్గర అప్పుడే పట్టుకున్న బిందెలోంచి గ్లాసుడు నీళ్లు ముంచి అందించింది. "గొంతెండిపోనాది గావాల. తాగి సెప్పమ్మా, తొందరేటి."

సుభాషిణి తాగింది. చల్లటి నీళ్లు. తాగుతుంటే ఆమెకు ఏడుపొచ్చింది. గ్లాసు తిరిగిచ్చి, చెప్పాలనుకున్నది వదిలేసి, వందల మంది చేత పలికించి తాను మాత్రం గుండీ పెట్టుకుని ఒక్కసారీ పలకని మాట పలికింది.

"మనం ప్రతి గుమ్మానికీ నీళ్లు చేరుస్తాం."

గుండీ వెలగనా వద్దా అన్నట్టు మిణుకుమంది.

"మనం అంటే ఎవులమ్మా?" అని అడిగింది సుక్రమ్మ. "మాం కూడా ఉన్నామేటి అందల?"

సుభాషిణి ఆ ముసలామె ముఖం వైపు, బండి పక్కనున్న నాయుడి వైపు, పైడమ్మ వైపు, దిక్కు తోచక నిలబడ్డ చక్రధర్ వైపు కూడా చూసింది.

"ఉన్నారు. అందరం ఉన్నాం" అంది.

గుండీ భగ్గున వెలిగింది. దాని వెలుగు సుక్రమ్మ చేతిలోని గ్లాసు మీద పడింది. పైడమ్మ పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది. బంగారునాయుడు ఏమీ ఎరగనట్టు వెళ్లి మళ్లీ నీటి కుళాయి తిప్పాడు. చక్రధర్ ఆ రోజు పైకి పంపిన నివేదికలో, సాలూరు డిపోలో ఆశయం పూర్తిగా నాటుకున్నదనీ, కాబట్టి ప్రకటన చెయ్యడం వీలుపడలేదనీ రాశాడు. ఒక్కో మాటా పైకి చదువుకుంటూ, తన గుండీ వెలుగుతుండగా రాశాడు. ఆశయం ఇంత బాగా నాటుకున్న డిపోను మూసే ధైర్యం పైవాళ్లకూ లేకపోయింది.

ప్రకటన జరిగేదాకా బండి ఆపడానికి వీల్లేదు. అది చెప్పగల మనిషి కోసం సంస్థ ఇంకా వెతుకుతూనే ఉంది. అప్పుడప్పుడూ ఎవరినో ఒకరిని పంపుతుంది. కొండకు వేరే బండి లేదు కనుక వచ్చినాయన తేమబండిలోనే ఎక్కుతాడు. సుక్రమ్మ ఇచ్చిన నీళ్లు తాగుతాడు. తన కాలరు వైపు చూసుకుంటాడు, దగ్గుతాడు, నీళ్లు నములుతాడు. ఆ పైన చెయ్యడానికేమీ ఉండదు. బంగారునాయుడు తలుపు తీసి, ముందు సీటు దులిపి పిలుస్తాడు.

"రండి బావూ, పొద్దెక్కిపోనాది. మనం బోజనాలకి ఎల్దాం."

"వెళదాం పదండి, మనకోసం చూస్తుంటారు" అంటాడాయన, నోట ఏ మాట వచ్చిందో తనే గమనించకుండా. కొండ దిగేటప్పుడు దారి పొడుగునా, మాట్లాడుతున్నంతసేపూ ఆయన గుండీ వెలుగుతూనే ఉంటుంది.