సీ వ్యూ గది, ఇద్దరికి

పిడుగురాళ్ల సున్నపు బట్టీ వెనక దొరికిన శవం మీద పూల చొక్కా ఉంది. కొబ్బరిచెట్లు, సముద్రం, పడవ అచ్చేసిన చొక్కా. ఈ రాతినేల మీద అలాంటివి ఎవరూ వేసుకోరు.

"కోటేశ్వర్లు. మన మనిషే," అన్నాడు చీఫ్ గోపాలకృష్ణయ్య. "చంపి, ఆ చొక్కా తొడిగి పడేశారు. మనతో వేళాకోళమన్నమాట."

లారీ షెడ్డులో ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు ఏజెంట్ శివనాగరాజు. చీఫ్ ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. నరసరావుపేటలో మేడ మీద ఆఫీసు. బోర్డు: నీలిదీవి హాలిడేస్.

"లక్కీ డ్రా పేరుతో క్వారీ కుర్రాళ్ళకి దీవి ట్రిప్ ఫ్రీ. బీచ్, భోజనం, ఫొటోలు. ఆఖరి రోజు పడవెక్కించి సరిహద్దు దాటిస్తారు. అక్కడ గదుల్లో బంధించి, ఫోన్ల మీద జనాన్ని మోసం చేయిస్తారు. మొదటి బ్యాచ్‌లో ఒక్కడూ తిరిగి రాలేదు. రెండో బ్యాచ్ కోటప్పకొండ తిరనాళ్ళ మర్నాడు బయల్దేరుతుంది."

"ఇప్పుడే రైడ్ చేస్తే?"

"ఇప్పుడది ఉత్త ట్రావెల్ ఆఫీసు. దొంగ వీసాలతో సహా బస్సులోనే పట్టుకోవాలి."

"లోపల మనవాళ్ళెవరు?"

"వెన్నెల. డబుల్ ఏజెంట్. వాళ్ళ జీతం తీసుకుంటుంది, మన జీతమూ తీసుకుంటుంది. నేనైతే సగమే నమ్ముతాను."

ఆ ఆఫీసులో ప్రతి మాటా మైకులో వినే విదేశీ బాస్ ఒకడున్నాడు. వాడికి తెలుగు వ్యాకరణం మనకంటే బాగా వచ్చట. అందుకని కోడ్ అంతా హాలిడే ప్లానింగే. 'సీ వ్యూ' అంటే లోపల తుపాకులున్నాయి. 'బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ' అంటే కుర్రాళ్ళ పాస్‌పోర్టులు లాక్కున్నారు. 'డేట్ అదే' అంటే బస్సు అనుకున్న రోజే కదులుతుంది.

మిర్చి వ్యాపారి వేషంలో మేడ మెట్లెక్కాడు శివనాగరాజు. మెడలో లావుపాటి గొలుసు, చొక్కా గుండీలో కెమెరా. వెన్నెలను చూస్తే ఎలాంటి పిసినారైనా టికెట్ కొంటాడు. ఎర్ర చీర, నెత్తి మీదికి తోసిన నల్ల కళ్ళజోడు.

"పెళ్ళి కుదిరిందమ్మా. హనీమూన్‌కి దీవి కావాలి. ఖర్చెక్కువైతే నేనొక్కడినే పోయొస్తా."

"ఒక్కరికైతే రేటెక్కువ సార్. ఇద్దరుంటేనే ప్యాకేజీ," నవ్వింది. "సీ వ్యూ గది ఇవ్వమంటారా?"

"ఇవ్వండి. మరి టిఫినో?"

"బ్రేక్‌ఫాస్ట్ ఫ్రీ. డేట్ అదే సార్."

మాటలు అయ్యేసరికి మేనేజర్ రాజీవ్ కేబిన్‌లోంచి కేకేస్తాడు. "వెళ్ళొస్తాను సార్," అని ఆమె లేస్తుంది. రెండోసారీ అంతే. మూడోసారి మాత్రం కోడ్ అయిపోయినా ఇద్దరూ లేవలేదు.

"గది బయట ఊయలుండాలి," అన్నాడు శివనాగరాజు.

"రెండు కొబ్బరిచెట్లకి కట్టిద్దాం. కానీ అక్కడ కారం దొరకదు సార్."

"గోంగూర పచ్చడి నే తెస్తాగా!"

ఊయలకి గాని, గోంగూరకి గాని కోడ్‌లో అర్థం లేదు. శివనాగరాజు ఆ సంగతి చీఫ్‌కి చెప్పలేదు. బస్సు ఆపడం ఒక ఎత్తు, ఈ పిల్లను ప్రాణాలతో బయటకు తీసుకురావడం ఒక ఎత్తు అనుకున్నాడు. ఆ దీవికి అతనికి నిజంగానే వెళ్ళాలనిపించింది.

తిరనాళ్ళకి ముందురోజు మళ్ళీ వెళ్ళాడు. ఈసారి రాజీవ్ ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది.

"డేట్ అదేనా అమ్మా?"

"అదే సార్. ఏమీ మారలేదు."

"మేడం, లోపలికి రండి," అన్నాడు రాజీవ్.

వెన్నెల లేచింది. శివనాగరాజు వైపు తిన్నగా చూసింది.

"వెళ్తాను సార్."

అతను తాపీగా కిందికి దిగాడు. బస్టాపులో ఒక పిల్ల సంచి భుజానికి తగిలించుకుని, "నే పోతన్నా అమ్మమ్మా," అంది. పక్కనున్న ముసలమ్మ దాని వీపు మీద ఒక్కటేసింది.

"పోతన్నా ఏందే, నీ నోట్లో మన్నుబొయ్య! పోయొస్తా అనవే!"

శివనాగరాజు కాళ్ళు ఆగిపోయాయి.

వెన్నెలది మాచవరం. పక్కింటికి మజ్జిగకి వెళ్ళినా 'పోయొస్తా' అనే ఊరు. తిరిగి రానివాళ్ళే అక్కడ 'పోతా' అంటారు. బాస్ వ్యాకరణంలో మాత్రం ఆ మాటలో తప్పేమీ లేదు.

పరుగున మెట్లెక్కాడు. ఏసీ నడుస్తూనే ఉంది. ఆఫీసు ఖాళీ. వెనక మెట్ల తలుపు బార్లా తీసి ఉంది.

"చీఫ్, బస్సు ఇవాళే!" అన్నాడు ఫోన్లో.

"డేట్ అదే అందిగా?"

"కోటేశ్వర్లు నోట కోడ్ రాబట్టాకే చంపారు. మనల్ని నమ్మించడానికే ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. ఆమె వెనక తుపాకి పెట్టి అదే అనిపించారు. పోయేటప్పుడు మాత్రం వెళ్ళొస్తానన్లేదు సార్. వెళ్తానంది."

గోపాలకృష్ణయ్య కూడా ఈ గడ్డ మీద పుట్టినవాడే. "సున్నం లారీలు రోడ్డుకి అడ్డం పెట్టిస్తా, నువ్వు రా," అన్నాడు.

శివనాగరాజు బుల్లెట్ బండి పిడుగురాళ్ల బైపాస్ చేరేసరికి బస్సు లారీకి జానెడు దూరంలో బ్రేకు పడి ఆగింది. డ్రైవరు సీటు కింద దొంగ వీసాల కట్ట దొరికింది. పూల చొక్కాల్లో కుర్రాళ్ళు గోలగోలగా దిగారు. వెన్నెల లేదు.

"ఏంది సార్ ఇది? ఒక్కసారన్నా సముద్రం చూద్దామనుకున్నాం గదా!"

"అక్కడ మిమ్మల్ని అమ్మేస్తారు రా."

"ఇక్కడ మాత్రం ఏంది? రాళ్ళు కొట్టుకుంటా చావటమేగా. మళ్ళీ ట్రిప్పు ఎప్పుడు?"

శివనాగరాజు వెన్నెల కోసం ఖాళీ బస్సు మళ్ళీ ఎక్కి చూశాడు.

ఆఫీసు వెనక నుంచి వాళ్ళు పారిపోయిన కారు సాయంత్రానికి మాచర్ల రోడ్డు పక్కన దొరికింది. రాజీవ్ జాడ లేదు, బాస్ జాడా లేదు. వెనక సీట్లో వెన్నెల ఉంది. ఎర్ర చీర మీద పూల చొక్కా కప్పారు. శివనాగరాజు చెయ్యి పట్టుకుని చూశాడు. చల్లబడి చాలాసేపయింది. అంత మనిషీ రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు.

చీఫ్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. "బస్సు ఆపాం. మిషన్ సక్సెస్ అని ఢిల్లీకి మెసేజ్ పెట్టాను." ఫోన్ జేబులో పెట్టుకుని, "నేను పూర్తిగా నమ్మి ఉండాల్సింది," అన్నాడు.

శివనాగరాజు ఆ పూల చొక్కా తీసి అవతల పారేశాడు.

"నాలుగు రోజులు సెలవు పెట్టు. ఏ దీవికన్నా పోయిరా."

"వద్దు సార్," అన్నాడు శివనాగరాజు. "ఒక్కడికైతే రేటెక్కువంట."