తెరుచుకోని మడత

మొదటి మంచు పడిన ఉదయం ఆ ఇంట్లో పండగే. కొరీన్ పిన్నుల డబ్బా, కెమెరా పట్టుకుని వంటింట్లోకి వస్తుంది. ఆమె తల్లి మెమే పెనం మీద ప్లోయ్ అట్లు పోస్తూ సణుగుతుంది. కొరీన్ కూతురు ఓడెట్‌ని కుర్చీ ఎక్కించి, కోటుకి ఆ ఏటి మడత విప్పుతారు.

ఆ కోటు మామూలు కోటు కాదు. పెరట్లోని బీచ్ అనే చెట్టు మొగ్గలో ఆకు విసనకర్రలా ముడుచుకుని ఉండి, వేళకి తనంతట తాను విచ్చుకోవడం చూసి కొరీన్ దాన్ని కుట్టింది. పిల్లతో పాటు పెరిగే ఉన్ని కోటు. ఓడెట్ ఐదేళ్లప్పుడు తొడుక్కున్న ఆ కోటే పద్నాలుగేళ్లకీ తొడుక్కుంటోంది. ఒక్క పేలిక కూడా చెత్తలోకి పోలేదని కొరీన్‌కి మహా గర్వం. పిల్లల బట్టలమ్మే కంపెనీ ఆవిడ ఇవాళ మడత విప్పడం కళ్లారా చూడటానికి వస్తోంది. ఆమెకి నచ్చితే కొరీన్ ఇన్నేళ్ల కల పండినట్టే.

"కుర్చీ ఎక్కవే, ముందొకసారి చూసుకుందాం."

"ఈ వయసులో కూడా కుర్చీయేనా అమ్మా?"

"పిల్ల తల కప్పుకి తగిలేలా ఉంది, దాన్ని నేల మీద ఉండనియ్యి," అంది మెమే.

కొరీన్ మడతని పట్టి ఉంచే పోగు లాగింది. మడత రాలేదు. గట్టిగా లాగినా రాలేదు. కోటు తిరగేసి చూసింది. బూడిదరంగు ఉన్ని మీద బూడిదరంగు దారంతో, కనబడీ కనబడని సన్నటి కుట్లు. మిగిలిన మడతలన్నీ మూసేసి ఉన్నాయి. ఆ కుట్టు ఆమె కూతురికి నేర్పిందే.

"నువ్వేనా?"

"నేనే. వేసవిలో కుట్టేశాను."

"ఎంత పని చేశావే! ఇవాళే దొరికానా నీకు? ఎందుకు చేశావు?"

"బిగుతైపోతే కొత్తది కొంటావని!"

"కొత్తదా? ఒక్కసారైనా నోరు తెరిచి అడిగావా?"

"అడిగాను. ఎనిమిదేళ్లప్పుడు, ఈ కుర్చీ మీదే నిలబడి అడిగాను. నువ్వు నోట్లో పిన్నులు పెట్టుకుని 'కదలకు' అన్నావు." ఓడెట్ కోటు కేసి వేలు చూపించింది. "నీకు కోటు పెరిగితే చాలమ్మా. నేనెవరిని, దాన్ని తగిలించే కొయ్యని!"

కొరీన్‌కి ఒళ్లు మండిపోయింది. గోడ మీది ఫొటోల వరస చూపించింది.

"కొయ్యకెవరైనా ఏటేటా ఫొటో తీస్తారా? చూడు, ఎంత అపురూపంగా..."

ఆ మాట పూర్తి కాలేదు. భుజాలు, చేతులు, అంచులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ప్రతి ఫొటో మెడ దగ్గర ఆగిపోయింది. ఒక్కదాంట్లోనూ పిల్ల మొహం లేదు. ఒకదాంట్లో మాత్రం గడ్డం కింద అంటించిన పట్టీ కొంచెం కనబడుతోంది. ఆ దెబ్బ ఎప్పుడు తగిలిందో, పిల్ల ఎంత ఏడ్చిందో కొరీన్‌కి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"మెట్ల మీద పడింది," అంది మెమే మెల్లగా. "నువ్వు కుట్టు మిషను మీదున్నావు."

కొరీన్ కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి, ఆ కంపెనీ ఆవిడకి ఫోన్ చేసి ఇవాళ రావద్దని చెప్పింది. పెనం మీద అట్టు మాడుతున్నా మెమే తియ్యలేదు.

"ఏ రంగు కోటు కావాలి తల్లీ? సాయంత్రం వెళ్లి కొనుక్కుందాం."

ఓడెట్ కళ్లు తుడుచుకుంది. "అప్పుడు ఎరుపు కావాలనుకున్నాను. ఇంతింత బొత్తాలతో. ఇప్పుడు ఏదైనా ఒకటేనమ్మా."

కొరీన్‌కి దుఃఖం ఆగలేదు. ఆ ఎర్ర కోటు ఇప్పుడు కొన్నా తొడుక్కునే ఎనిమిదేళ్ల పిల్ల లేదు. తల్లి అలా ఏడవడం ఓడెట్ ఎన్నడూ చూడలేదు. దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది.

"ఊరుకో అమ్మా. బడి బస్సొచ్చేలోపు ఒక ఫొటో తియ్యి. తలతో సహా."

కొరీన్ కెమెరా ఎత్తింది. కన్నీళ్లలో పిల్ల మసకగా కనబడింది. అలవాటుగా "కదలకు" అనబోయి, నోట్లోనే మింగేసింది.

"నీకెలా కావాలంటే అలా నిలబడు," అంది.