నలభై ఒక్కసార్లు తప్పు

ఆదివారం మధ్యాహ్నం మూడుంపావుకి ఆఫీసు తాళం తీసి, ట్యూబ్‌లైటు వేసి, ప్రూఫులు చూసే మాస్టారి కుర్చీలో కూర్చున్నాను. ఆయన పోయి పదిరోజులైంది. ఇక్కడి లినక్సు కంప్యూటర్లన్నీ చూసేది నేనే. ఈయనది రేపటికల్లా చెరిపేయమని మేనేజరు ఆర్డరు. అందులో మాస్టారు పాతికేళ్లుగా కూర్చిన పదాల పుస్తకం ఉంది. ఆ ఫోల్డరు ఆయన పాస్‌వర్డ్‌తో తప్ప తెరుచుకోదు. నా అధికారం కూడా అక్కడ చెల్లదు.

వాళ్లమ్మాయి పాస్‌వర్డ్‌ని చీటీ మీద రాసిచ్చింది. “ఎలాగైనా తీసివ్వన్నయ్యా. నాన్నది ఇంకేం మిగల్లేదు.”

మా ఆఫీసులో ఉద్యోగం పోయిన సంగతి మనిషికన్నా ముందు కంప్యూటరుకి తెలుస్తుంది. ముందు అకౌంటు లాక్ చేస్తాం, ఉత్తరం సాయంత్రం ఇస్తారు. ఆ గురువారం మాస్టారు టీకి లేచినప్పుడు లాక్ చేసింది నేనే. మూడూ నలభైకి ఆయన ఫోను చేశారు.

“ఒరే అబ్బాయ్, నీ లినక్సు నన్ను పోల్చుకోవట్లేదురా. గడ్డం గీసుకుని రమ్మంటుందా ఏంటి?”

“ఇంకోసారి కొట్టి చూడండి మాస్టారూ,” అన్నాను.

నిజం దాచాను. పక్క గదిలో కూర్చుని నా తెర మీద లెక్క చూస్తూ ఉండిపోయాను. నలభై ఒక్కసార్లు కొట్టారు. ఆ సాయంత్రమే ఉత్తరం జేబులో పెట్టుకుని ఇంటికెళ్లి, మెట్ల మీద కూలిపోయారు.

ఇప్పుడు లాక్ తీసి, చీటీలో ఉన్నది కొట్టాను. తప్పు అంది. క్యాప్స్‌లాక్ చూశాను. కీబోర్డు భాష చూశాను. డిస్కులో ఖాళీ ఉంది. మళ్లీ తప్పే. కారణం చూద్దామని అక్షరాలు మాత్రమే కనిపించే నల్లటి తెరకు మారి, నా పేరుతో లాగిన్ల చిట్టా తెరిచాను.

ఆయన పోయిన గురువారం, నలభై ఒకటి. మర్నాడు శుక్రవారం, నలభై ఒకటి. శనివారం కూడా.

నిన్నటిదాకా రోజూ మూడూ నలభైకే మొదలు. అన్నీ ఈ కీబోర్డు నుంచే. ఆయన పోయినప్పటి నుంచి ఈ గది తాళంచెవి నా జేబులోనే ఉంది.

దగ్గుబిళ్ల వాసన వచ్చింది. మాస్టారి బుగ్గలో ఎప్పుడూ ఒకటి ఉండేది...

గోడ గడియారం మూడూ నలభై.

చిట్టా కింద కొత్త వరస పడింది. తప్పు. ఇంకొకటి. తప్పు. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మీటలు కదల్లేదు. ఇంకొకటి...

“ఆపండి మాస్టారూ,” అన్నాను. “మీ తప్పేం లేదు. నేనే... లాక్ చేసింది నేనే.”

వరసలు ఆగాయి.

లాగిన్ తెరకు వెళ్లి చీటీలోది మరోసారి కొట్టాను. తెర నల్లబడింది. ఇక చూడలేక రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాను. తీసేసరికి మాస్టారి ఫోల్డర్లు తెరుచుకుని ఉన్నాయి. పుస్తకం పెన్‌డ్రైవులోకి, చిట్టా నా ఫోనులోకి ఎక్కించుకుని బయటపడ్డాను.

ఆ తర్వాతి గురువారం మాస్టారి అమ్మాయి ఫోను చేసింది.

“పుస్తకం బాగా వచ్చిందన్నయ్యా. కానీ ఆ రోజు కంగారులో నీకు నా మెయిల్ పాస్‌వర్డ్ రాసిచ్చేశాను, ఇప్పుడే చూసుకున్నా. నాన్నది అసలు మాకెవరికీ తెలీదు. నువ్వెలా తెరిచావు?”

ఫోను పెట్టేసి చిట్టా చూశాను. నేను చివరిసారి కొట్టింది మూడూ యాభై ఒకటికి. తప్పు అని ఉంది. తెరుచుకున్నది మూడూ యాభై రెండుకి. అప్పుడు నా రెండు చేతులూ మొహం మీదున్నాయి.