డార్సీ మింగేసిన మాట

"తుడవండే! గట్టిగా తుడవండి! మధ్యలోనే ఆగిపోయేలా ఉంది!" వెనక నుంచి కెప్టెన్ కొరీన్ గొంతు చించుకుంటోంది.

ఐస్ మీద బరువైన రాయి జారుకుంటూ పోతోంది. దాని ముందు డార్సీ, నెల్ బ్రష్‌లతో ఐస్‌ని రుద్దుతూ పరుగెడుతున్నారు. ఎంత రుద్దితే రాయి అంత దూరం పోతుంది. ఆ కొసన గీసిన రంగు వలయాల్లో, సరిగ్గా నడిమి చుక్క మీద ఆగితే గెలుపు వీళ్లదే. కర్లింగ్ అంటే అదే. చూసేవాళ్లకి ఇల్లు ఊడ్చినట్టే ఉంటుంది. ఆడితే తెలుస్తుంది ఆయాసం ఎంతో!

'వద్దు. ఈ రాయికి ఉన్న వేగం చాలు' అనిపించింది డార్సీకి. "వద్దు..." అని గొణిగింది కూడా. కానీ పైకి అంటే? తప్పయితే? కిందటేడు ఒకసారి ఇలాగే గట్టిగా చెప్పింది, తప్పయింది, జట్టు ఓడింది. అప్పటి నుంచీ తను ఏం చెప్పినా తప్పే అవుతుందని డార్సీ నమ్మకం. మాట మింగేసి బ్రష్ ఆడించింది.

రాయి చుక్క దాటింది. వలయాలూ దాటింది. వెళ్లి వెనక అడ్డానికి ఠప్పున తగిలింది.

ఓడిపోయారు. ఇక మిగిలింది వచ్చే శనివారం ఆటే. అదీ పోతే, బ్రాండన్ పట్నంలో జరిగే పెద్ద పోటీకి వెళ్లే మాటే లేదు.

వీళ్ల ఊళ్లో ఒక మంచి పద్ధతి ఉంది. ఆట అయ్యాక గెలిచినవాళ్లు ఓడినవాళ్లకి వేడివేడి కోకో కొనిపెట్టాలి. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మూతి ముడుచుకుని ఇంటికి పోవడం కుదరదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ వాళ్ల కడుపు చల్లగా!

డార్సీ ముందు కప్పు పెట్టింది ఇంగ్రిడ్. గెలిచిన జట్టుకి కెప్టెన్ తను. ఉన్నదున్నట్టు మొహం మీదే అనేసే పిల్ల.

"డార్సీ, ఆటంతా నిన్నే చూశాను. రాయి ఎక్కడ ఆగుతుందో నీకు ముందే తెలిసిపోతోంది. నువ్వు ఏం గొణిగితే అదే జరుగుతోంది. చివరి రాయికి 'వద్దు' అన్నావు కదూ?"

కొరీన్ తాగుతున్న కోకో గొంతులో అడ్డుపడింది. "అన్నావా? మరి గట్టిగా చెప్పలేదేమే?"

"ఏదో గాలివాటంగా అన్నాన్లే," అని తల వంచుకుంది డార్సీ.

"గాలివాటం అన్నిసార్లు కుదురుతుందా? నీలాంటిది మా జట్టులో ఉంటే బావుణ్ణనిపించింది నాకు," అంది ఇంగ్రిడ్.

డార్సీ చెవులు ఎర్రబడ్డాయి. కోకో ఊదుకుంటూ కూర్చుంది.

ఇంటికి వెళ్తూ ట్రక్కులో తాతయ్యకి అంతా చెప్పింది. "ఊరికే అంది తాతయ్యా. గెలిచినవాళ్లు కదా, ఓడినవాళ్లని బుజ్జగించాలిగా! మర్యాదకి మునగచెట్టు ఎక్కించింది."

తాతయ్య పకపకా నవ్వాడు. "మర్యాదకా? మన పద్ధతి కోకో ఇమ్మంది గానీ అబద్ధం చెప్పమనలేదే! నా చిన్నప్పుడు నన్ను ఓడించి, చేతిలో కోకో పెట్టి, 'నువ్వు రాయి వదులుతుంటే దూడ బురదలో జారినట్టుందిరా' అన్నారు. ఒక్కడంటే ఒక్కడు మర్యాద చూపించలేదు!"

డార్సీకి నవ్వొచ్చింది. నమ్మకం మాత్రం రాలేదు.

"సరే తల్లీ, బుధవారం పెద్దవాళ్ల ఆట ఉంది. వెళ్లి చూద్దాం. ప్రతి రాయికీ ముందే చెప్పు. ఇంగ్రిడ్‌ది మర్యాదో నిజమో అక్కడే తేలిపోతుంది," అన్నాడు తాతయ్య.

బుధవారం ఇద్దరూ గాజు అద్దం వెనక కూర్చున్నారు. "ఇది చుక్క దాకా రాదు... ఇది దాటిపోతుంది... ఇదిగో, ఇది ఆ ఎర్ర రాయిని తాకీ తాకనట్టు ఆగుతుంది," అని చెప్పుకుంటూ పోయింది డార్సీ. అన్నీ చెప్పినట్టే జరిగాయి. అంతలో ఒక రాయి మాట తప్పింది.

"చూశావా! నాకేం తెలీదని చెప్పానా!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది డార్సీ.

"ఔరా! తప్పిన ఒక్కటీ నీదంటున్నావు. మరి కుదిరినవన్నీ ఎవరివి? నావా?"

డార్సీ అద్దం మీదికి వంగి, "తర్వాతది చెప్తా, ఉండు తాతయ్యా," అంది.

శనివారం వచ్చింది. ఈసారి పక్కూరి జట్టుతో ఆట. మధ్యలో ఒకసారి డార్సీ, "తుడవండి!" అని గట్టిగా అరిచింది. పొరబాటయింది. రాయి కాస్త ఎక్కువ దూరం పోయింది. నెల్ మూతి తిప్పింది. ఇదివరకటి డార్సీ అయితే ఇక నోటికి తాళమే!

"నాదే తప్పు. తర్వాతది సరిగ్గా చూస్తా," అంది డార్సీ. చూసింది కూడా.

ఆట చివరి రాయికి వచ్చింది. కొరీన్ రాయి వదిలి, "తుడవండి! తుడవండి!" అని కేక పెట్టింది.

డార్సీకి మాత్రం ఆ వేగం చాలనిపించింది. "వద్దు! వదిలెయ్యండి!" అని హాలంతా వినిపించేలా అరిచింది.

నెల్ బ్రష్ గాల్లోనే ఆగిపోయింది. "కెప్టెన్ తుడవమంటోందే!"

కొరీన్ రాయి వంక, డార్సీ వంక చూసింది. తర్వాత, "డార్సీ చెప్పినట్టే చెయ్యండి!" అని అరిచింది. కెప్టెన్ అయ్యుండి తన మాట తనే వెనక్కి తీసుకోవడం అందరివల్లా అవుతుందా!

రాయి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. మెల్లగా దేకుతూ వెళ్లి, చుక్క మీద కూర్చుంది.

నెల్ కెవ్వున అరిచింది. కొరీన్ జారుకుంటూ వచ్చి డార్సీని వాటేసుకుంది. ఇద్దరూ కలిసి ఐస్ మీద పడ్డారు.

గెలిచారు, బ్రాండన్ ఆశ నిలిచింది. ఇప్పుడు కోకో ఇవ్వడం వీళ్ల వంతు. అవతలి జట్టులో పైపర్ అనే చిన్నపిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. ఆమె ఆఖరి రాయి గురి తప్పింది. డార్సీ వెళ్లి ఆమె ముందు కప్పు పెట్టింది.

"మా రాళ్ల సందులోంచి ఒక రాయి పంపావు చూడూ, దేన్నీ తాకకుండా! మా కొరీన్‌కి కూడా అలా రాదు."

"ఏయ్!" అంది కొరీన్. తర్వాత, "నిజమే అనుకో," అంది.

పైపర్ తల ఎత్తలేదు. "గెలిచారుగా. మర్యాదకి అంటున్నావ్."

డార్సీకి తన గొంతే తనకి వినిపించినట్టయింది. కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"కోకో మర్యాదకే," అంది. "మాట మాత్రం నిజం. ఆ రాయి ఎలా పంపావో నాకు నేర్పుతావా? ఐస్ ఇంకా ఖాళీగానే ఉంది."

పైపర్ తలెత్తి చూసింది. కప్పు గబగబా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని లేచింది.